షుగర్‌కు ముందున్న ఏళ్లు

రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ చౌరస్తా దాటి ముంబై రోడ్డెక్కితే సంగారెడ్డి దాకా దారి పొడవునా కంపెనీలే. పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, రుద్రారం ఒక వరుస. లోపలికి పోతే బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి ఇంకో వరుస. ఈ బెల్టులో ఆరోగ్యం మాట ఎత్తగానే గుర్తొచ్చేవి నక్కవాగు కాలుష్యం, రియాక్టర్ ప్రమాదాలు. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఫ్యాక్టరీలో జరిగిన పేలుడు యాభై మందికి పైగా ప్రాణాలు తీసింది. అలాంటి చోట రక్తంలో చక్కెర కొంచెం పెరగడం గురించి మాట్లాడితే చిన్న సంగతి ఎత్తుకున్నట్టు అనిపించవచ్చు. అది చిన్న సంగతి కాదు. అదే గేటులోంచి లోపలికి వెళ్లే అదే మనుషుల కళ్లను, కిడ్నీలను, గుండెను పదేళ్ల తర్వాత దెబ్బతీసే జబ్బు ఇవాళే మొదలవుతోంది. ఈ దశలో పట్టుకుంటే దాన్ని ఆపవచ్చు, కనీసం చాలా ఏళ్లు వెనక్కి నెట్టవచ్చు.

దేశం లెక్క ముందు చూద్దాం. ఐసీఎంఆర్, చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ కలిసి 2008 నుంచి 2020 దాకా రాష్ట్రాల వారీగా చేసిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. ఇరవై ఏళ్లు నిండిన 1,13,043 మందిని పరీక్షించారు. 11.4 శాతం మందికి షుగర్ ఉంది, 15.3 శాతం మందికి దానికి ముందు దశ ఉంది. జనాభాకు లెక్కగడితే 10.1 కోట్ల మంది, 13.6 కోట్ల మంది. ఇందులో మన ప్రాంతం పట్టించుకోవాల్సిన వివరం ఇంకోటుంది. షుగర్ విషయంలో పట్నానికీ పల్లెకూ తేడా పెద్దది: పట్నంలో 16.4 శాతం, పల్లెలో 8.9. ముందు దశ విషయంలో తేడా దాదాపు లేదు: 15.4, 15.2. అంటే పల్లె వెనకబడి లేదు, వరుసలో నిలబడి ఉంది. కంపెనీ గోడకు ఒకవైపు జొన్న చేను, ఇంకోవైపు బాయిలర్ ఉండే ఈ ఊళ్లు సరిగ్గా ఆ వరుసలోనే ఉన్నాయి.

ఈ దశలో ఉన్నవాళ్లు తర్వాత ఏమవుతారన్నదానికి చెన్నైలో దొరికిన జవాబు గట్టిది. అక్కడి క్యూర్స్ అధ్యయనంలో ముందు దశలో ఉన్నవాళ్లను సుమారు తొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ పరీక్షిస్తే 58.9 శాతం మందికి షుగర్ వచ్చేసింది. పదిమందిలో ఆరుగురు. పాశ్చాత్య దేశాల్లో కంటే మన దగ్గర ఈ దాటుడు వేగం ఎక్కువ. "ఏం కాదన్నా, బార్డర్‌లనే ఉంది, తీపి తగ్గియ్యి" అని రిపోర్టు మడిచి చేతికిచ్చే పద్ధతి ఎంత నష్టం చేస్తుందో ఈ ఒక్క అంకె చెబుతుంది.

లోపల జరిగేది ఇది. తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వస్తుంది. దాన్ని కండరాల్లోకి పంపే పని ఇన్సులిన్‌ది. నడుము చుట్టూ, కాలేయంలో కొవ్వు చేరినకొద్దీ, కండ తగ్గినకొద్దీ, నిద్ర చెడినకొద్దీ ఇన్సులిన్ మాటను కండరాలు, కాలేయం వినడం మానేస్తాయి. అప్పుడు క్లోమగ్రంథి ఓవర్‌టైమ్ చేసే కార్మికుడిలా అదనంగా ఇన్సులిన్ తయారుచేసి నెట్టుకొస్తుంది. అలా కొన్నేళ్లు గడుస్తాయి. ఆ తర్వాత అది కూడా అలసిపోతుంది. మన దేశస్థుల శరీరాల్లో ఈ అలసట తొందరగా వస్తుందని పరిశోధకులు తేల్చారు. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ దశాబ్దాలుగా చెబుతున్న విషయం కూడా ఇక్కడ అవసరం: పైకి సన్నగా కనిపించే భారతీయుడి శరీరంలో అదే బరువున్న యూరప్ మనిషి కంటే కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. అందుకే "నేను సన్నగుంట, నాకు షుగరేంది" అన్న ధీమాకు ఆధారం లేదు.

దీని వేళ్లు తల్లి కడుపు దాకా పోతాయి. హైదరాబాద్ దగ్గరి పల్లెల్లో 1987 నుంచి 1990 దాకా జాతీయ పోషకాహార సంస్థ ఒక ప్రయత్నం చేసింది. కొన్ని ఊళ్లలో గర్భిణులకు, పసిపిల్లలకు అదనపు ఆహారం అందింది, పక్క ఊళ్లలో అందలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక చూస్తే, ఆహారం అందిన ఊళ్ల పిల్లల్లో ఇన్సులిన్ పనిచేయకపోవడాన్ని కొలిచే సూచిక 20 శాతం తక్కువగా ఉంది. కరువు పల్లెల్లో పుట్టి ఇవాళ పటాన్‌చెరులో అద్దె గదుల్లో ఉంటూ పనిచేస్తున్న కుర్రాళ్లలో చాలామంది ఆ తక్కువ తిండితోనే జీవితం మొదలుపెట్టారు. వాళ్లకు షుగర్ ముప్పు ఉందంటే అది వాళ్ల సోమరితనం వల్ల కాదు.

గుర్తించడం ఎలా? ఈ దశకు లక్షణాలు దాదాపు ఉండవు. దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం అన్నీ షుగర్ ముదిరాక వచ్చేవి. కంటికి కనిపించే ఒక గుర్తు మాత్రం కొందరిలో ఉంటుంది: మెడ వెనక, చంకల్లో చర్మం నల్లబడి మందంగా, ముఖమల్ గుడ్డలా అవుతుంది. మురికి అనుకొని రుద్దుతుంటారు. అది మురికి కాదు, రక్తంలో ఇన్సులిన్ ఎక్కువైందన్న సంకేతం. అది కనబడితే పరీక్ష చేయించాలి.

రక్తం తీయకముందే ముప్పు అంచనా వేయడానికి మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ 2005లో తయారుచేసిన ఇండియన్ డయాబెటిస్ రిస్క్ స్కోరు ఉంది. దానికి కావలసింది ఒక టేపు, మూడు ప్రశ్నలు. వయసు 35 దాటితే 20 మార్కులు, 50 నుంచి 30. మగవాళ్ల నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లది 80 దాటితే 10. 100, 90 దాటితే 20. వ్యాయామం, కాయకష్టం రెండూ ఉంటే సున్నా, ఒక్కటే ఉంటే 20, ఏదీ లేకపోతే 30. తల్లిదండ్రుల్లో ఒకరికి షుగర్ ఉంటే 10, ఇద్దరికీ ఉంటే 20. మొత్తం 60 వస్తే ముప్పు ఎక్కువ. నలభై ఏళ్ల ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటర్, నడుము 94, వ్యాయామం లేదు, అమ్మకు షుగర్ ఉంది: 20, 10, 30, 10 కలిపి 70. ఈ లెక్క వేయడానికి డాక్టరు అక్కరలేదు. ఆశా కార్యకర్త చాలు, టైమ్ ఆఫీసులో కూర్చునే మనిషి చాలు.

ఇక్కడ ఒక పొరపాటు బాగా పాతుకుపోయింది. "రోజంతా కంపెనీల కష్టమే చేస్తం కదా" అంటారు. కన్వేయరు పక్కన ఎనిమిది గంటలు నిలబడడం ఒళ్లు నొప్పులు తెస్తుంది, కానీ గుండె వేగం పెంచదు. ప్యాకింగ్ సెక్షన్, ప్యానెల్ బోర్డు, క్రేన్ క్యాబిన్, సెక్యూరిటీ గేటు అన్నీ అలసట ఉన్నా కదలిక లేని పనులే. బస్తాలు మోసే హమాలీ సంగతి వేరు. తన పని ఈ రెండిట్లో ఏ కోవలోదో ఎవరికి వారు నిజాయితీగా తేల్చుకోవాలి.

ఇక రక్త పరీక్ష. పరగడుపున చక్కెర 100 నుంచి 125 మిల్లీగ్రాములు ఉంటే, లేదా 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 140 నుంచి 199 ఉంటే, లేదా మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 ఉంటే అది ముందు దశ. ఇవి అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ హద్దులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరగడుపు హద్దును 110 దగ్గర పెట్టింది. అందుకే 106 వచ్చిన రిపోర్టు ఒక ల్యాబులో నార్మల్, ఇంకో ల్యాబులో కాదు. నా మటుకు నేను వంద దాటగానే నడుము, కుటుంబ చరిత్ర, బీపీ చూడమంటాను. ఆ ఆరేడు అంకెల దగ్గర వాదనలో పడితే కాలం పోతుంది.

నైట్ షిఫ్టు చేసేవాళ్ల పరీక్షలో తప్పులు జరిగే దారులు వేరే ఉన్నాయి. తెల్లవారుజామున నాలుగింటికి చాయ్, బిస్కెట్ తీసుకొని ఎనిమిదింటికి రక్తమిస్తే అది పరగడుపు పరీక్ష కాదు. ఎనిమిది గంటలు ఏమీ తినకుండా ఉండాలి. నిద్రలేని రాత్రి తర్వాత చక్కెర మామూలు కంటే పైకి చూపించవచ్చు. అందుకే జనరల్ డ్యూటీ వారంలో, కంటినిండా నిద్రపోయిన మర్నాడు చేయించడం మేలు. వేలి మీద గుచ్చి చూసే మీటరు జల్లెడ పట్టడానికి సరిపోతుంది, నిర్ధారణకు ల్యాబులో సిరనుంచి తీసిన రక్తమే కావాలి. ఒకసారి తేడా వస్తే ఇంకోరోజు మళ్లీ చూడాలి. హెచ్‌బీఏ1సీకి పరగడుపు అక్కరలేదు కనుక షిఫ్టు కార్మికులకు అనువైనదే, కానీ రక్తహీనత ఉంటే అది దారి తప్పిస్తుంది. ఇనుము లోపం వల్ల వచ్చే రక్తహీనతలో అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత చెప్పింది. కాబట్టి ఫార్మా యూనిట్లలో ప్యాకింగ్ చేసే ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ చూడకుండా ఒక్క హెచ్‌బీఏ1సీతో తీర్పు చెప్పడం సరికాదు. గ్లూకోజ్ తాగించి చేసే పరీక్షే వాళ్లకు నమ్మదగినది. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి కాన్పు తర్వాత పోయినవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. తర్వాతి కాలంలో షుగర్ వచ్చే ముప్పు వాళ్లకు మిగతావాళ్ల కంటే ఏడు నుంచి పది రెట్లు ఎక్కువ. ఆ సంగతి బిడ్డ టీకాల కార్డులో ఉండదు, తల్లికి ఎవరూ గుర్తుచేయరు.

షిఫ్టు దగ్గరకే వద్దాం, ఎందుకంటే ఈ బెల్టులో ముప్పుకు ప్రత్యేకమైన కారణం అదే. 2,26,652 మంది వివరాలున్న పన్నెండు అధ్యయనాలను కలిపి చేసిన ఒక విశ్లేషణ షిఫ్టు పని చేసేవాళ్లకు షుగర్ ముప్పు మొత్తంమీద 9 శాతం ఎక్కువని తేల్చింది. తొమ్మిదంటే తక్కువే అనిపిస్తుంది. కానీ మగవాళ్లను విడిగా చూస్తే 37 శాతం, మారుతూ తిరిగే షిఫ్టులు చేసేవాళ్లను చూస్తే 42 శాతం. ఏ, బీ, సీ అంటూ వారానికోసారి తిరిగే మన పద్ధతి ఆ చివరి కోవలోకే వస్తుంది. 2009లో ప్రచురించిన ఒక అమెరికా ప్రయోగం ఇంకా ఆలోచింపజేస్తుంది. షుగర్ లేని పదిమందిని ప్రయోగశాలలో ఉంచి, వాళ్ల నిద్రా భోజనాల వేళలను శరీరపు గడియారానికి ఎదురుగా తిప్పారు. లెక్కకు వచ్చిన ఎనిమిది మందిలో ముగ్గురికి, తిన్న తర్వాతి చక్కెర కొన్ని రోజుల్లోనే ముందు దశ స్థాయికి చేరింది. తిండి మారలేదు, వేళ మారింది, అంతే.

దానికి విరుగుడు కూడా అలాంటి ప్రయోగంలోనే దొరికింది. 2021లో ప్రచురించిన ఆ ప్రయోగంలో పందొమ్మిది మందితో నైట్ షిఫ్టును అనుకరించారు. రాత్రిపూట కూడా తిన్నవాళ్ల సగటు చక్కెర 6.4 శాతం పెరిగింది. రాత్రంతా మేలుకునే ఉన్నా పగటి వేళల్లోనే తిన్నవాళ్లకు పెరగలేదు. చిన్న ప్రయోగమే, ప్రయోగశాలలోదే. అయినా రాత్రి పన్నెండున్నరకు అన్నం, సాంబారు, అప్పడంతో పెట్టే క్యాంటీన్ భోజనం గురించి మళ్లీ ఆలోచించడానికి అది చాలు. డ్యూటీకి వచ్చే ముందే ఎనిమిది లోపు అసలు భోజనం ముగించడం, రాత్రి ఆకలేస్తే గుడ్డు, శనగ గుగ్గిళ్లు, గుప్పెడు పల్లీలు, మజ్జిగతో సరిపెట్టుకోవడం, పొద్దున ఇంటికొచ్చి తేలికగా తిని చీకటి చేసుకున్న గదిలో పడుకోవడం: ఇది ఈ బెల్టులో సాధ్యమే. ఒక గదిలో ఆరుగురు ఉండి, పడుకున్నవాడి పక్కనే ఇంకొకడు వంట చేసుకునే చోట మాత్రం నిద్ర సలహా ఇవ్వడం తేలిక, పాటించడం కాదు. కిటికీకి నల్లగుడ్డ, ఒకే షిఫ్టు వాళ్లంతా ఒకే గదిలో ఉండేలా సర్దుకోవడం కొంతవరకు పనిచేస్తాయి.

మేలుకోవడానికి తాగే చాయ్‌లో చెంచాకు నాలుగైదు గ్రాముల చక్కెర. రెండు చెంచాల చాయ్‌లు ఐదు తాగితే 40 నుంచి 50 గ్రాములు. రెండు వేల కేలరీలు తినే మనిషికి రోజంతా 50 గ్రాముల లోపు, వీలైతే 25 లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అంటే భోజనం సంగతి రాకముందే చాయ్ కోటా మొత్తం తినేసింది. కూల్‌డ్రింకు, ఎనర్జీ డ్రింకు దీనికి అదనం. బీడీ, సిగరెట్టు షుగర్ ముప్పును 30 నుంచి 40 శాతం పెంచుతాయి. ఈ సంగతి ఊపిరితిత్తుల గురించి హెచ్చరించే బోర్డుల మీద ఉండదు.

గాలి సంగతి వదిలేయలేం. ఢిల్లీ, చెన్నైలలో సుమారు పన్నెండు వేల మందిని ఏళ్ల తరబడి చూసిన అధ్యయనం 2023లో చెప్పింది: గాలిలో పీఎం 2.5 ధూళి ఏడాది సగటు పది మైక్రోగ్రాములు పెరిగితే కొత్తగా షుగర్ వచ్చే ముప్పు 22 శాతం పెరుగుతుంది. పొగ, ధూళి మీద కాలుష్య నియంత్రణ మండలికి ఇక్కడి ఊళ్లవాళ్లు పెట్టే అర్జీల్లో దగ్గు, చర్మరోగాలతో పాటు ఈ కారణాన్ని కూడా రాయవచ్చు.

ఇప్పుడు పళ్లెం. సంగారెడ్డి జిల్లా పశ్చిమం, అంటే జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు, నల్లరేగళ్లూ ఎర్ర చెలకలూ కలిసిన జొన్న సీమ. జొన్న రొట్టె, గట్క, అంబలి, కందిపప్పు, శనగలు, చేలో దానంతటది మొలిచే ఆకుకూరలు ఇక్కడి తిండి. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం ఆకలి తీర్చింది. దాన్ని తక్కువ చేయడం అన్యాయం. అయితే ఆకలితో పాటు జొన్న కూడా పళ్లెంలోంచి తప్పుకుంది. 2025 ఉగాది నుంచి రాష్ట్రంలో రేషన్ మీద మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. దొడ్డుబియ్యం అమ్ముకునే బాధ తప్పింది, తినగలిగే బియ్యం వచ్చింది. దాని పక్కన కిలో జొన్నలు, కిలో కందిపప్పు కూడా ఉండాలన్నది నా అభిప్రాయం. పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు, ఎక్కువమంది దళితులు, బీడు భూముల్లో జొన్నలు పండించి ఊళ్లోనే నిల్వచేసి పంచుకునే సొంత రేషన్ వ్యవస్థను 1990లలోనే నడిపి చూపించారు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. ఆ అనుభవం ఈ జిల్లాదే.

జొన్న షుగర్‌ను ఆపుతుందా? రెండు పెద్ద పరిశోధనలు ఇక్కడ ఎదురెదురుగా నిలబడతాయి. మొదటిది మన పటాన్‌చెరులోనే 1972 నుంచి ఉన్న ఇక్రిశాట్ ఆధ్వర్యంలో జరిగింది. పదకొండు దేశాల్లో జరిగిన పరిశోధనలను కలిపి 2021లో ప్రచురించారు. చిరుధాన్యాలు రోజూ తిన్న షుగర్ రోగుల్లో పరగడుపు, తిన్న తర్వాతి చక్కెరలు 12 నుంచి 15 శాతం తగ్గాయి. ముందు దశలో ఉన్నవాళ్ల హెచ్‌బీఏ1సీ సగటున 17 శాతం తగ్గి మామూలు స్థాయికి వచ్చింది. తిన్నది ఎంత వేగంగా రక్తంలో చక్కెర పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచిక చిరుధాన్యాలకు సగటున 52.7, పాలిష్ బియ్యం కంటే సుమారు 36 శాతం తక్కువ. రెండోది 2025లో వచ్చిన ఇండియాబ్ ఆహార అధ్యయనం. మన దేశంలో తినే కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని, మొత్తం పిండిపదార్థం తగ్గించకుండా బియ్యం స్థానంలో గోధుమపిండో చిరుధాన్యాల పిండో పెట్టినంత మాత్రాన షుగర్ ముప్పు తగ్గినట్టు కనబడలేదని అది చెప్పింది. పిండిపదార్థంలో ఐదు శాతం కేలరీలు తగ్గించి ఆ చోటును పప్పులతో, పాలు పెరుగులతో నింపితే మాత్రం తగ్గుతుంది.

ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేయవు. ఇక్రిశాట్ కలిపిన పరిశోధనల్లో చాలావరకు చిన్నవి, పర్యవేక్షణలో తిన్నవాళ్లవి. ఇండియాబ్ చూసింది జనం ఇళ్లలో నిజంగా తింటున్న తీరును, అందులోనూ మెత్తటి పిండిని. మర పట్టిన కొద్దీ, జావగా ఉడికించిన కొద్దీ ఏ గింజైనా వేగంగా చక్కెర అవుతుంది. రెండిటినీ కలిపి చదివితే మన పళ్లేనికి వచ్చే లెక్క ఇది: నాలుగు రొట్టెలు కాదు, రెండు రొట్టెలు, గిన్నెడు గట్టి పప్పు, గిన్నెడు గోంగూరో తోటకూరో. జొన్న బిస్కెట్లు, బెల్లం కలిపిన రాగి లడ్డూలు, ప్యాకెట్ మాల్ట్ ఈ లెక్కలో లేవు. చెరువు కట్ట మీద పొద్దున్నే అమ్మే జావ కూడా పలచగా, పప్పు లేకుండా తాగితే పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

అన్నం మానలేనివాళ్లు, అంటే మనలో ఎక్కువమంది, రకం చూసుకోవచ్చు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన ఆర్‌ఎన్‌ఆర్ 15048, మనం తెలంగాణ సోనా అనేది, గ్లైసీమిక్ సూచిక 51 దగ్గర ఉందని పరీక్షల్లో తేలింది. అయితే సూచిక తక్కువని పళ్లెం నిండా పెట్టుకుంటే లాభం పోతుంది. 21 దేశాల్లో జరిగిన ప్యూర్ అధ్యయనంలో రోజుకు 450 గ్రాముల కంటే ఎక్కువ తెల్లన్నం తినే దక్షిణాసియా వాళ్లకు, చాలా తక్కువ తినేవాళ్లతో పోలిస్తే, షుగర్ ముప్పు 61 శాతం ఎక్కువ కనిపించింది. క్యాంటీన్‌లో రెండుసార్లు వడ్డించుకుంటే ఒక్క పూటలోనే ఆ కొలత దగ్గరికి వస్తాం.

ఇవన్నీ చేస్తే నిజంగా ఆగుతుందా అన్న అనుమానం సహజం. జవాబు నలభై ఏళ్ల నుంచి పోగవుతోంది. చైనాలోని డాచింగ్‌లో 1986లో 577 మందితో మొదలైన ప్రయోగాన్ని ముప్పై ఏళ్లు వెంబడించారు. ఆరేళ్లపాటు తిండి, కదలిక మార్చుకున్నవాళ్లకు షుగర్ సగటున దాదాపు నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చింది, గుండెజబ్బులు, మరణాలు కూడా తగ్గాయి. అమెరికాలో 3,234 మందితో చేసి 2002లో ప్రచురించిన ప్రయోగంలో జీవనశైలి మార్పు ముప్పును 58 శాతం, షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ 31 శాతం తగ్గించాయి. మనకు దగ్గరిది చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చేసి 2006లో ప్రచురించిన 531 మంది ప్రయోగం. మూడేళ్లలో, ఏమీ చేయనివాళ్లలో 55 శాతం మందికి షుగర్ వచ్చింది. నడక, తిండి మార్చుకున్నవాళ్లలో 39.3 శాతం, రెండు పూటలా 250 మిల్లీగ్రాముల మెట్‌ఫార్మిన్ వేసుకున్నవాళ్లలో 40.5 శాతం, రెండూ చేసినవాళ్లలో 39.5 శాతం. మందు, మార్పు కలిపితే అదనపు లాభం రాలేదు. ఇంకో ముఖ్యమైన సంగతి, వాళ్ల బరువు చెప్పుకోదగినంత తగ్గకపోయినా లాభం వచ్చింది. సన్నగా ఉండి ముప్పులో ఉన్న మన కార్మికుడికి పనికొచ్చే పరిశోధన ఇది. ఆరేడుగురు మారితే మూడేళ్లలో ఒకరికి షుగర్ తప్పుతుంది.

అదే బృందం 2013లో ఇంకో ఫలితం ఇచ్చింది. ఉద్యోగాల్లో ఉన్న 537 మంది మగవాళ్లలో సగం మందికి ఫోన్‌కు తరచూ చిన్న సందేశాలు పంపారు: ఏం తినాలి, ఎప్పుడు నడవాలి అని. రెండేళ్లలో సందేశాలు అందినవాళ్లలో 18 శాతం మందికి, అందనివాళ్లలో 27 శాతం మందికి షుగర్ వచ్చింది. షిఫ్టు మార్పులు, ఓటీలు వాట్సాప్ గ్రూపులో పెట్టే సూపర్‌వైజరుకు ఇది కొత్త పని కాదు. అయితే గెలిచిన కథలే చెప్పడం న్యాయం కాదు. కేరళలో తోటివాళ్ల సంఘాలతో 1,007 మందిలో చేసిన ప్రయోగం 2018లో వచ్చింది. షుగర్ వచ్చినవాళ్లు 14.9 శాతం, పోలిక గుంపులో 17.1 శాతం. ఆ తేడా గట్టిగా నిలబడేంత పెద్దది కాదు. కలిసి కూర్చొని మాట్లాడుకోవడం ఒక్కటే చాలదని, రోజువారీ తిండి, నడక నిజంగా మారాలని నేను దాన్ని అర్థం చేసుకుంటాను.

కదలిక కొలత వారానికి 150 నిమిషాల చురుకైన నడక. నైట్ డ్యూటీ మనిషికి అరగంట ఒకేసారి దొరకకపోతే తిన్న ప్రతిసారీ పది నిమిషాలు నడిచినా తిన్న తర్వాతి చక్కెర దిగుతుంది. కంపెనీ బస్సు స్టాపు ఒకటి ముందు దిగడం ఈ రోడ్డు మీద మంచి సలహా కాదు. లారీల మధ్య నడవమనలేం. కాలనీ లోపల, చెరువు కట్ట మీద, ప్లాంటు ఆవరణలో నడవాలి. వారానికి రెండుసార్లు గుంజీలు, దండాలు వంటి కండ పెంచే పని కావాలి, ఎందుకంటే చక్కెర ఖర్చయ్యేది కండలోనే. బరువు ఎక్కువున్నవాళ్లు ఐదు నుంచి ఏడు శాతం తగ్గితే చాలు. 80 కిలోల మనిషికి నాలుగైదు కిలోలు. మెట్‌ఫార్మిన్ అవసరం కొందరికే: స్థూలకాయులు, గర్భంలో షుగర్ వచ్చిన తల్లులు, మార్పులు చేసినా అంకె పెరుగుతున్నవాళ్లు. అది డాక్టరు నిర్ణయం. పక్కింటాయన మాత్ర అరువు తెచ్చుకొని వేసుకోవడం కాదు.

చివరికి ఈ పరీక్ష ఎవరు చేయాలన్న ప్రశ్న మిగులుతుంది. ప్రభుత్వ కార్యక్రమం ప్రకారం 30 ఏళ్లు నిండిన అందరికీ ఊళ్లోనే షుగర్, బీపీ చూడాలి. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చేది పగలు. ఆ వేళకు 'ఏ' షిఫ్టు వాడు కంపెనీలో ఉంటాడు, 'సీ' షిఫ్టు వాడు నిద్రలో ఉంటాడు, ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాడి గది ఆమె రిజిస్టరులోనే ఉండదు. ఈఎస్ఐ బీమా వర్తించే జీతం పరిమితి 2017 నుంచి నెలకు 21,000 రూపాయల దగ్గరే ఆగింది. జీతం కాస్త పెరగగానే, అంటే వయసు, నడుము పెరిగే సమయానికే, కార్మికుడు రామచంద్రాపురం ఈఎస్ఐ ఆసుపత్రికి దూరమవుతాడు. అందుకే గేటు దగ్గరే పరీక్ష జరగాలి.

దానికి చట్టం దారి ఉంది. ఫ్యాక్టరీల చట్టంలో 1987లో చేర్చిన 41-సి సెక్షన్, ప్రమాదకర రసాయనాలతో పనిచేసేవాళ్లకు కనీసం పన్నెండు నెలలకోసారి వైద్య పరీక్ష తప్పనిసరి చేసింది, ఆ రికార్డు చూసే హక్కు కార్మికుడికిచ్చింది. అలా బల్క్ డ్రగ్ యూనిట్లలో ఏటా రక్తం తీస్తూనే ఉన్నారు, లివర్‌కో కిడ్నీకో. అదే రక్తంలో చక్కెర చూడడానికి అయ్యే అదనపు ఖర్చు చాలా తక్కువ. ఆ చట్టం స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ నలభై దాటిన కార్మికులకు ఏటా ఉచిత పరీక్ష అంటోంది. వైద్యశాఖ ముప్పై అంటుంటే కార్మికశాఖ నలభై అంటోంది. మన దేశంలో ముప్పైల్లోనే మొదలయ్యే జబ్బుకు ఆ పదేళ్ల తేడా చాలా ఎక్కువ. యాజమాన్యాలు ముప్పై నుంచే చేయడానికి ఏ చట్టమూ అడ్డురాదు, యూనియన్లు వేతన ఒప్పందాల్లో దీన్ని పెట్టవచ్చు. క్యాంటీన్ తప్పనిసరి అయ్యే హద్దు 250 మంది నుంచి కాంట్రాక్టు కార్మికులతో కలిపి 100 మందికి దిగింది కనుక, చిన్న యూనిట్లు కూడా ఇప్పుడు వంటగది పెట్టుకోవాలి. టెండర్ రాసేటప్పుడే రోజూ గట్టి పప్పు, ఆకుకూర, గుడ్డు, వారంలో కొన్ని పూటలు జొన్న రొట్టె, చక్కెర విడిగా పెట్టే చాయ్, రాత్రి షిఫ్టుకు అన్నం బదులు గుగ్గిళ్లు, మజ్జిగ అని రాయడానికి ఇదే సమయం.

ముందు దశ అని తేలినవాళ్లు ఏడాదికోసారి తప్పకుండా మళ్లీ చూపించుకోవాలి, హెచ్‌బీఏ1సీ 6 దాటితే ఇంకా ముందే. షుగర్‌తో పాటు బీపీ, కొలెస్టరాల్ కూడా చూడాలి. కాంట్రాక్టు మారి కంపెనీ మారినప్పుడు పాత రిపోర్టు పాత కంపెనీ బీరువాలోనే ఉండిపోతోంది, కొత్తచోట మళ్లీ మొదటినుంచి మొదలు. పరీక్ష జరిగిన రోజే రిపోర్టు నకలు అడిగి తీసుకోండి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, ఇంట్లో ఇంకొకరికి కూడా పంపండి.